ఖాజాబీ కొడుకు ఒడుగు రోజు

నా చెయ్యి వేగమైనదని నాకు పొగరుగా ఉండేది. ఫకృద్దీన్ ఉస్తాద్ దగ్గర చేరి రెండేళ్లు దాటినా ఆయన నన్ను ఒక్క పిల్లాడికి కూడా సొంతంగా ఒడుగు చేయనివ్వలేదు. అప్పట్లో నా దిగులంతా అదే.

ఒడుగు అంటే మా దూదేకుల ఇళ్లలో మగపిల్లలకు చేసే సున్తీ. ఇంట్లో మాట తెలుగు కాబట్టి దాని పేరూ తెలుగే. నాలుగైదేళ్ల పిల్లాడికి కొత్త లుంగీ కట్టి, మల్లెపూల సెహరా ముఖం మీదికి వేలాడదీసి, పెళ్లికొడుకులా కూచోబెట్టేవాళ్లు. డప్పులు, ఊరేగింపు, నెయ్యన్నం, వేటమాంసం. ఇప్పుడు పొద్దున నర్సింగ్ హోములో చేర్చి మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చుకుంటున్నారు. అదే మంచిది, నేను కాదనను. అయినా ఆ మల్లెపూల సందుల్లోంచి బిక్కుబిక్కుమంటూ చూసే కళ్లు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఆ రోజుల మీదికి మనసు పోతుంది.

ఉస్తాద్‌కు ఈ పని తాతల నుంచి వచ్చింది. అయితే ఆయన కదిరి తాలూకా ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్‌గా పనిచేసి, పెద్ద డాక్టర్ల పక్కన నిలబడి, తాతల పనిలోని మురికినంతా ఉతికేశాడు. కత్తెరలూ కత్తులూ అరగంట మరగాల్సిందే. పిల్లాడికి జ్వరమో దగ్గో ఉంటే పది రోజులాగి కబురు చేయమనేవాడు. ఒంటికి పోసే దారి కొసన కాకుండా కిందివైపు ఉన్న పిల్లాడిని అసలు ముట్టేవాడు కాదు. దాన్ని సరిచేయడానికి డాక్టర్లకు ఆ తోలే కావాలని చెప్పి పెద్దాసుపత్రికి పంపేవాడు. పని అయ్యాక బూడిదా, కాల్చిన గుడ్డ మసీ అద్దడానికి ఎవరైనా వస్తే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. పిల్లాడు ఒకసారి ఒంటికి పోసేదాకా, కట్టు తడవలేదని తన కళ్లతో చూసేదాకా ఆ ఇంటి అరుగు దిగేవాడు కాదు.

ఇవన్నీ నాకూ వచ్చు. ఉస్తాద్ పక్కన నిలబడి సగం పని నేనే చేస్తూ వచ్చాను.

ఆయనలో ఒక్క అలవాటు మాత్రం నాకు చిరాకు. ఏ ఇంటికి పోయినా ముందు వంటింటి వైపు నడిచేవాడు. మంచినీళ్లు కావాలనేవాడు. నీళ్లు ఇచ్చాక ఆ గడప మీదే చతికిలబడి ఆడవాళ్లతో ముచ్చట్లు పెట్టేవాడు. ముంగిట్లో పెద్దమనుషులు ఎదురుచూస్తుంటే ఈయనకేమో లోపల ఊసులు కావాలి. వయసు మీద పడింది, నోరు ఊరుకోదు అని నేను నవ్వుకునేవాణ్ణి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఉస్తాదూ, నా చెయ్యి ఎప్పుడన్నా వణికిందా?"

"లేదు."

"కట్టు సరిగ్గా కట్టలేదా?"

"నాకంటే బాగా కట్టినావు."

"మరి ఏమిటికి నన్ను ఒక్కణ్ణే పంపించవు?"

ఆయన నా రెండు చేతులూ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చేతులు బాగుండాయి మౌలాలీ," అన్నాడు. వారం తిరక్కుండానే తనే పిలిచి, "గురువారం చింతలకుంటపల్లెలో ఒడుగు ఉంది. ఆ రోజు ఉస్తాద్‌వి నువ్వే. నేను ఊరికే పక్కన కూచుంటా," అన్నాడు. బుధవారం నాకు అన్నం సహించలేదు. చొక్కా రెండుసార్లు ఉతుక్కున్నాను.

డెబ్బై నాలుగో ఐదో అది. బస్సు దిగి రెండు మైళ్లు శనక్కాయల చేలగట్ల మీద నడిచాం. సామాన్ల పెట్టె నేనే మోశాను. ఊళ్లోకి పోయేసరికి డప్పులు మోగుతున్నాయి.

ఆ ఇంటి పెద్ద హుసేనప్ప, శనక్కాయల వ్యాపారి. ఒడుగు ఆయన మనవడు బాబాజాన్‌కు. ఐదేళ్ల పిల్లాడు. పిల్లాడి తండ్రి నోట్లో నాలుక లేని మనిషి, నాయన గీసిన గీత దాటడు. ఇంటి ముందు పందిట్లో యాభై మంది దాకా మగవాళ్లు కూచున్నారు. నడుమ ముక్కాలిపీట మీద సెహరా కట్టుకుని బాబాజాన్. వాడి చేతిలో ఎవరో ఇచ్చిన కొబ్బరిముక్క ఉంది.

"ఈరోజు మా మౌలాలి చేస్తాడు," అన్నాడు ఉస్తాద్. అందరూ నా వైపు తిరిగారు. ఆ చూపులు నాకు బాగా నచ్చాయి.

స్టవ్ ముట్టించి కత్తెరలు మరగబెట్టాను. పిల్లాడి నొసలు పట్టి చూశాను, జ్వరం లేదు. చూడాల్సినవి చూశాను, అంతా సక్రమంగానే ఉంది. అడగాల్సిన మాట కూడా మరిచిపోలేదు.

"తాతా, మీ ఇంట్లో ఎవురికన్నా దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బుందా?"

హుసేనప్ప మీసం దువ్వుకున్నాడు. "మా వంశంలో అట్లాంటిది లేనే లేదప్పా. మేమంతా ఎద్దులం. మా నాయన కాలి మీద గొడ్డలి పడితే ఆకు పసరు పూసుకుని అదే దినం మడక దున్నినాడు."

పందిట్లో నవ్వులు లేచాయి. నేనూ నవ్వాను. చేతులు సబ్బుతో కడుక్కుని ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన ఓ మూల నులకమంచం మీద కూచున్నాడు.

"అంతా చూసినా ఉస్తాదూ. మొదలుపెడతా."

"నాకు దప్పికగా ఉంది," అన్నాడు ఆయన. "వంటింట్లో మంచినీళ్లు తేపో."

నాకు ఒళ్లు మండింది. నా రోజున కూడా ఈయన నన్ను నీళ్లకు పంపుతాడా అనుకున్నాను. అయినా పోయాను. వంటింటి బయట నిలబడి చెయ్యి చాపితే ఎవరో చెంబు అందించారు. తెచ్చి ఇచ్చాను. ఆయన తాగకుండా కింద పెట్టాడు.

"ఎవురిచ్చినారు?"

"చూడలేదు."

"ఇంకో చెంబు తేపో."

మళ్లీ పోయాను. ఈసారి చూశాను. ఒక ముసలామె ముంచి ఇచ్చింది. వెనకాల గోడ వారగా పిల్లాడి తల్లి కూచుని ఉంది. ఉస్తాద్ ఆ చెంబును కూడా మొదటి చెంబు పక్కన పెట్టాడు.

"పిల్లోడి తల్లి ఎట్లుంది?"

"ఎట్లుంటే ఏముంది ఉస్తాదూ. కూచోనుంది. ఆడ కత్తెరలు చల్లారిపోతాండాయి."

"చల్లారితే మళ్లా మరగబెట్టొచ్చు. ఈసారి నాకొద్దు, నువ్వు తాగిరా. కూచోని తాగు. నిలబడుకోని తాగితే పొలమారతాది."

ఆయన ముఖం చూశాను. తమాషా చేస్తున్నట్టు లేదు. పందిట్లో అందరూ నన్నే చూస్తున్నారు, ఈసారి ఆ చూపులు నచ్చలేదు. పళ్లు కొరుక్కుంటూ మూడోసారి వంటింటికి పోయి గడప మీద కూచున్నాను.

మిగతా ఆడవాళ్లంతా పెరట్లో పొయ్యిల దగ్గర ఉన్నారు. లోపల పిల్లాడి తల్లి ఖాజాబీ ఒక్కతే. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉందట. ఒడుగు అయ్యేదాకా తల్లి బయటికి రాకూడదు, రెండు చేతులూ చన్నీళ్లకుండలో పెట్టుకుని కూచోవాలి. అట్లా చేస్తే బిడ్డకు మంట తెలియదని వాళ్ల నమ్మకం. ఆమె మోచేతుల దాకా కుండలో పెట్టుకుని కూచుంది. నీళ్లు నన్నే ముంచుకోమని కళ్లతో చెప్పింది.

నేను తాగుతూ కూచున్నాను. ఉస్తాద్‌కు ఊసులు ఎట్లా తోచేవో మరి.

"బాబాజాన్ ధైర్యంగా ఉండాడక్కా," అన్నాను చివరికి. "నువ్వు భయపడొద్దు. చీమ కుట్టినట్టుంటాది, అంతే."

"చీమ కుట్టినా వానికి వారం దినాలు నల్లగా ఉంటాది తమ్ముడా," అంది ఆమె.

చెంబు నోటి దగ్గరే ఆగింది. "నల్లగా అంటే?"

"కమిలిపోతాది. మోకాలు గడపకు తగిలినా వాచిపోతాది. పోయినేడు నాలిక కరుచుకున్యాడు. తెల్లార్లూ ఉమ్మితే ఎర్రగానే వచ్చింది." కుండలో నీళ్లు సన్నగా కదులుతున్నాయి. "మా చిన్నతమ్ముడు గూడా ఇట్లనే ఉండె."

"ఆయన యాడుండాడక్కా ఇప్పుడు?"

"లేడు. పాలపన్ను ఊడి పోయినాడు. మూడు దినాలు కారింది. పన్ను ఊడి ఎవురన్నా సచ్చిపోతారా, ఏదో గాలి సోకిందని అనినారు మా ఊర్లో."

"ఈ మాట మీ మామకు చెప్పినావా?"

"మంచిదినం పూట సావు మాట ఎత్తొద్దు అనింది మా అత్త." ఆమె తల వంచుకుంది. "నేను చెప్పినానని అనొద్దు తమ్ముడా. నీకు పుణ్యముంటాది."

రక్తం ఆగని జబ్బు కొన్ని ఇళ్లలో ఆడవాళ్ల వైపు నుంచి దిగుతుందని, తల్లికి ఏమీ కాకపోయినా ఆమె తోబుట్టువులకు వచ్చింది ఆమె కొడుక్కీ రావచ్చని ఉస్తాద్ ఎప్పుడో చెప్పాడు. నేను విన్నాను. విని, నాకు తెలిసిన సంగతుల్లో అదొకటిగా దాచుకున్నాను. అడగాల్సిన మాటను తీసుకుపోయి మీసాలున్న మనిషిని అడిగి వచ్చాను.

ఆ వంటింటి నుంచి పందిట్లోకి పదిహేను అడుగులుంటుంది. ఆ పదిహేను అడుగుల్లో నాకొక పాడు ఆలోచన వచ్చింది, దాచను. పల్లెటూరి ఆడమనిషి భయం, పన్ను ఊడి ఎవరు చస్తారు, రెండు నిమిషాల పని, రెండేళ్లుగా కాచుకున్న రోజు. ఈ మాటలన్నీ నా లోపల ఎవరో వరసగా చదివి వినిపించినట్టు తోచింది. పీట మీద బాబాజాన్ సెహరా పక్కకు తోసుకుని కొబ్బరిముక్క కొరుకుతున్నాడు. వాడి మోకాలి మీద, రూపాయి బిళ్లంత, నల్లటి మచ్చ. నేను ముందు కూడా చూశాను దాన్ని. ఆడుకునే పిల్లాడి దెబ్బ అనుకున్నాను.

"తాగినావా?" అన్నాడు ఉస్తాద్.

"తాగినా."

"మొదలుపెడతావా?"

"చెయ్యను ఉస్తాదూ."

ఆయన ఎందుకని అడగలేదు. "నాతో చెప్తే ఏమొస్తాది, వాళ్లతో చెప్పు," అన్నాడు.

తను చెప్పినట్టు అనొద్దన్న ఖాజాబీ మాటను దాటలేకపోయాను. హుసేనప్ప ముందు నిలబడి, "తాతా, ఈరోజు నా చెయ్యి బాగలేదు. చెయ్యలేను," అన్నాను.

ఎవరో వెనకనుంచి, "కత్తి చూసి కళ్లు తిరిగినాయేమో, నీళ్లకు మూడుసార్లు పోయినాడు పాపం," అన్నారు. పందిరంతా నవ్వింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అప్పటిదాకా నా చేతిని ఎవరూ ఒక్క మాట అనలేదు.

"ఈ నేర్చుకునే పిల్లోనితో మాకేమి పని," అన్నాడు హుసేనప్ప. "ఉస్తాదూ, నువ్వే కానీ."

"ఈరోజు ఉస్తాద్ వాడే," అన్నాడు ఫకృద్దీన్ ఉస్తాద్ మంచం మీద నుంచి కదలకుండా. "వాడు వద్దంటే నేను కత్తి ముట్టను."

హుసేనప్పకు కోపం నషాళానికెక్కింది. "రెండు వేటలు కోసి ఊరంతా పిలిచినాను. మీరు గాకపోతే ఒడుగు చేసేవాళ్లు లేరా? బండి కట్టండ్రా. పక్కూర్నుంచి మనిషిని తెస్తాను."

ఎవరో బండి వైపు నడిచారు. అప్పుడు నాకు భయం వేసింది. నేను చెయ్యనంటే సరిపోయిందనుకున్నాను. నా చేతులు కడుక్కుని పోతే, గంటలో ఇంకెవరో వచ్చి ఈ పీట ముందు కూచుంటారు. వంటింట్లోకి పోకుండానే పని కానిస్తారు, ఇందాక నేను కానివ్వబోయినట్టే.

వంగి బాబాజాన్‌ను చంకనెత్తుకున్నాను. సెహరా పూలు నా చొక్కా మీద రాలాయి.

"తాతా, ఈ బిడ్డకు రక్తం ఆగకపోవచ్చు. డాక్టర్లు పరీక్ష చేసి చెప్పేదాకా నేను చెయ్యను, ఎవుర్నీ చెయ్యనియ్యను."

"మా వంశంలో లేదని చెప్పలేదా నీకు? ఎవురు చెప్పినారీ మాట?"

ఆయన ఇంకోసారి అడిగాడు. పిల్లాణ్ణి ఇంకా గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. కొడతారేమో అనుకున్నాను, నిజంగానే.

"నేను చెప్పినా మామా."

ఖాజాబీ గుమ్మంలో నిలబడి ఉంది. తలమీద కొంగు సరిగా లేదు. రెండు చేతుల నుంచీ నీళ్లు కారుతున్నాయి. యాభై మంది మగవాళ్ల నడుమ నుంచి నడిచి వచ్చి నా చంకలోని బిడ్డను తీసుకుంది.

"నా తమ్ముడు రక్తం కారి సచ్చిపోయినాడు. వీని ఒళ్లు గూడా వాని మాదిరే ఉండాది."

డప్పులవాళ్లు కూడా ఆపేశారు. హుసేనప్ప ఆమె వైపు తిరిగాడు. ఆయన చెడ్డ మనిషి కాడు. మనవడంటే ప్రాణం.

"ఇన్ని దినాలూ నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. గొంతు తగ్గిపోయింది.

"ఎవురూ అడగలేదు మామా."

ఆయన పీట మీద, మనవడు లేచిపోయిన చోట, కూలబడ్డాడు. ఉస్తాద్ అప్పుడు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. బెంగళూరు పెద్దాసుపత్రికి ఎట్లా పోవాలో, ఏ పరీక్ష అడగాలో నెమ్మదిగా చెప్పాడు. "ఒడుగు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోమని దేవుడు అడగలేదు హుసేనప్పా. అన్నం పెట్టించు, ఆకలిగా ఉంది," అన్నాడు.

వండిన అన్నం పారేస్తారా, అందరూ తిన్నారు. ఉస్తాద్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. నేను సగంలోనే లేచాను. పెట్టె తెరిచి, వాడని కత్తెరలను తుడిచి, మళ్లీ గుడ్డలో చుట్టాను. తుడుస్తుంటే ఏడుపు వచ్చింది. బిడ్డ బతికాడన్న సంతోషం ఒక పక్క, నేనెంత దగ్గరగా పోయానోనన్న భయం ఒక పక్క. ఇంకో పక్కన, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, నా రోజు పోయిందన్న ఉక్రోషం కూడా ఉంది.

బాబాజాన్ రక్తంలో గడ్డకట్టే గుణం తక్కువగా ఉందని నెల తర్వాత బెంగళూరు డాక్టర్లు తేల్చారు. వాడిప్పుడు మనవళ్లున్న మనిషి. ఆ రోజు మాత్రం ఆ సంగతి నాకూ తెలియదు, ఉస్తాద్‌కూ తెలియదు.

తిరుగు బస్సులో ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నేను ఒళ్లో పెట్టె పెట్టుకుని కూచున్నాను. మొదటి పనికి పోయి కత్తెర తడపకుండా తిరిగొస్తున్నవాడు ఈ జిల్లాలో నేనొక్కడినే అయ్యుంటాననుకున్నాను. మళ్లీ ఎన్నేళ్లు ఆగమంటాడో అడగాలని నోటిదాకా వచ్చింది.

ఉస్తాద్ పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆ తర్వాత నేను చాలా ఇళ్ల గడపల మీద కూచున్నాను, లెక్కలేనన్ని చెంబుల నీళ్లు తాగాను. ఇప్పటికీ మసక వెలుతురు పడే వేళ కదిరి వీధుల్లో నడుస్తుంటే ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. మేమిద్దరం ఇల్లు చేరేసరికి ఆయన భార్య ఇమాంబమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు నా మొదటి ఒడుగని ఆమెకు తెలుసు. నా కోసం గుడ్లు ఉడకబెట్టిందట.

"ఏమి నాయనా, మొదటిది బాగా అయ్యిందా?" అంది నన్ను చూసి.

నేను పెట్టె గోడవార దించాను. ఉస్తాద్ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుంటూ అన్నాడు:

"బాగా చేసినాడు. పిల్లోడు ఆడుకుంటాండాడు. రేపట్నుంచి మౌలాలి ఒక్కడే పోతాడు, నేను రాను."